జతకట్టిందో లేదో

ఆసుపత్రి లాండ్రీలో అందరికీ ఆమె పెద్దక్క. పైనుంచి దుప్పట్ల కోసం వచ్చే నర్సులు కూడా అలాగే పిలుస్తారు. అక్కడ ఆమెకంటే వయసులో పెద్దవాడు ఒక్కడే, మడతల బల్ల దగ్గర నిలబడే ముసలాయన. ఆయన్ని బాబాయి అంటారు. ఆవిర్లు కమ్ముకునే ఆ గదిలో ఇద్దరూ కలిసి ఎన్ని దుప్పట్లు మడిచారో లెక్కలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మూలకు మూల కలపగలిగేవాళ్లు.

ఆ ఏడు పెద్దక్కకు ఒంట్లో ఓపిక అడుగంటింది. పని వల్ల కాదు. పని ఎప్పుడూ ఉన్నదే, మెషిన్లు తిరిగినంతసేపూ తిరుగుతుంది. ఇంట్లో తమ్ముడున్నాడు.

అమ్మా నాన్నా తొందరగా పోతే, చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఆమెకు భర్త పోయాక ఇక తనవాడంటూ మిగిలింది వాడే. బాగా చదువుకున్నాడు. పురుగుమందుల కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం చేశాడు. ఒకరోజు పనికి వెళ్లడం మానేశాడు. తరవాత స్నానం మానేశాడు. ఆ తరవాత ఫోనెత్తడం మానేశాడు. ఆమె వెళ్లి, ఒక సంచిలో నాలుగు బట్టలు కుక్కి, చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. ఎందుకిలా అయ్యావురా అని బతిమాలి అడిగితే, "కారణం ఉంటే చెప్పేవాణ్ణి కదక్కా" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. ఇది కాలు విరిగినట్టు కాదమ్మా, కట్టు విప్పి చూసుకోవడానికి, తొందరపడకండి, అతనికి ఏదో ఒక వ్యాపకం దొరికితే మంచిది అని చెప్పి పంపాడు.

వ్యాపకం ఎక్కణ్ణుంచి తెస్తుంది? కథల పుస్తకాలు తెచ్చింది, తెరవలేదు. పేకముక్కలు తెచ్చింది, కట్ట విప్పలేదు. వెనకగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పొద్దున ఆమె మంచం పక్కన పెట్టిన పళ్లెం, సాయంత్రం తిరిగొచ్చేసరికి సగం తిని అక్కడే ఉండేది. మెట్లన్నీ ఎక్కి, తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తీసే ముందు ఆమె ఒక్క క్షణం ఆగేది. లోపల కుళాయి చప్పుడో, టీవీ మోతో వినిపిస్తే బాగుండునని చెవి ఒగ్గేది. ఏమీ వినిపించేది కాదు. అప్పుడు తలుపు తీసేది.

ఎండలు మండిపోయిన చాలా రోజుల తరవాత ఒక మధ్యాహ్నం గట్టి వాన పడింది. వాన వెలిశాక లాండ్రీ వెనక రేకుల షెడ్డులో ఆరేసిన దుప్పట్ల మీద రెక్కల పురుగులు వాలాయి. తెల్లటి గుడ్డ మీద నల్లటి చుక్కల్లాగా ఎక్కడ చూసినా అవే. ఉతికినవన్నీ మళ్లీ ఉతకాల్సి వస్తుందని అందరూ తువ్వాళ్లతో కొట్టి దులిపేస్తున్నారు. పెద్దక్క పట్టుకున్న దుప్పటి అంచు మీద ఒకటి పాకుతోంది. మిగతావాటికి రెండింతలుంది. నల్లగా నిగనిగలాడుతోంది. ఒకవైపు రెక్కలు రెండూ ఉన్నాయి, రెండోవైపు లేవు. ఒంటి చేతిలో సంచి మోస్తున్న మనిషిలాగా ఒకపక్కకు ఒరిగి నడుస్తోంది.

ఆమె చప్పున జేబులోంచి ఖాళీ మాత్రల సీసా తీసి, దాన్ని అందులోకి దించి మూత పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి అనిపించింది, అంతే.

బాబాయి చూసి, ఇంట్లో కూర తక్కువైందా అమ్మాయ్ అని అడిగాడు.

ఇంటికెళ్లి సీసాను మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. "ఒరేయ్, ఇవి ఉసుళ్లేనా? ఇంత లావున్నాయేంటి?" అంది. జవాబు కోసం ఆమె ఎదురుచూడలేదు. వెళ్లి స్టవ్వు వెలిగించింది. అన్నం పెట్టుకుని వెనకగదిలోకి వచ్చేసరికి తమ్ముడు లేచి కూర్చుని, సీసాను బల్బు కిందకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"ఉసుళ్లు కాదక్కా. నడుము చూడు, దారంతో కట్టినట్టుంది. ఉసుళ్లకి నడుమే ఉండదు. ఇది గండుచీమ. రాణి."

వాడి నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు విని ఎంత కాలమైందో. ఆమె పళ్లెం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

వాడు పోలీసులాగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎక్కడ దొరికింది, నేల మీదా గుడ్డ మీదా, ఎగురుతోందా పాకుతోందా, ఆ రెక్కలు నువ్వు పట్టుకునేటప్పుడు ఊడాయా ముందే లేవా. ఆమె గుర్తుతెచ్చుకుని ఒక్కొక్కటే చెప్పింది. వాన తరవాత రాణులూ మగచీమలూ గాలిలోకి ఎగురుతాయనీ, అక్కడే జతకడతాయనీ, జత కట్టిన రాణి కిందకు దిగి రెక్కలు తనే విరిచేసుకుని గూటికోసం చోటు వెతుక్కుంటుందనీ వాడు చెప్పాడు. అయితే ఇది సగం రెక్కలతో దొరికింది కాబట్టి ఏమీ అనుకోవడానికి వీల్లేదన్నాడు.

"ఇంతకీ ఇది జతకట్టిందా, లేదా?"

"తెలియదు."

"అంత చదువు చదివావు, ఆ మాత్రం తెలియదా?"

"చూసి చెప్పలేమక్కా. రెక్కలుంటే జతకట్టలేదని కాదు, ఊడితే కట్టిందని కాదు. గట్టిగా తెలియాలంటే ఒకటే దారి. కొయ్యాలి."

అప్పుడు చెప్పాడు, ఆ కంపెనీలో తను రోజంతా ఏం చేసేవాడో. ఆమెకు అన్నాళ్లూ ప్రయోగశాల అంటే గాజుబుడ్లూ తెల్లకోటూ మాత్రమే. వాన పడ్డ మర్నాడు ట్రేల నిండా రాణిచీమల్ని తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లట. మైక్రోస్కోపు కింద ఒక్కొక్కదాని పొట్ట చీల్చి, చివర్న ఇసుకరేణువంత తిత్తి ఉంటుంది, దాన్ని వెతకాలట. మగచీమ ఇచ్చిన విత్తనం అందులో దాచుకుంటుందట, బతికినన్నాళ్లూ దాన్నే కొద్దికొద్దిగా వాడుకుంటుందట. తిత్తి పాలలా తెల్లగా ఉంటే జతకట్టినట్టు. నీళ్లలా ఉంటే లేనట్టు. రాలినవాటిలో ఎన్ని గూళ్లు పెడతాయో కంపెనీకి ముందే తెలియాలి, అందుకోసం.

"తెల్లగా ఉందని తెలిసేసరికి, ఇక తెలిసి లాభం లేదు కదా" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. కాఫీలో పంచదార తక్కువైందన్నట్టు అన్నాడు.

సీసాను స్టూలు మీద పెట్టి, "దీన్ని కొయ్యను" అన్నాడు.

"ఎవరు కొయ్యమన్నారు? తిను ముందు" అంది ఆమె. ఆ పూట వాడు పళ్లెం ఖాళీ చేశాడు.

మర్నాడు ఆమె ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో అడిగి, అంచు కాస్త పెచ్చు లేచిన పొడుగాటి గాజుగొట్టం ఒకటి తెచ్చింది. తమ్ముడు అందులో అడుగున నీళ్లు పోసి, దూదితో బిగించి, మిగతా సగంలో రాణిని వదిలి, ఇంకో దూది ఉండతో మూతి మూశాడు. నీళ్లు దూది గుండా చెమ్మగా అందుతాయి, అది చాలు. తిండి అక్కర్లేదు. చీకటి కావాలి, కదలిక ఉండకూడదు. చీకటి ఎక్కడుంది ఆ రెండు గదుల ఇంట్లో? ఆమె బట్టల బీరువాలో, చలికాలపు శాలువాల మధ్య దాన్ని పడుకోబెట్టారు. పదేపదే తీసి చూస్తే బెదిరిపోయి తన గుడ్లు తనే తినేస్తుందని వాడు హెచ్చరించాడు. అప్పుడప్పుడూ, టార్చికి ఎర్రకాగితం చుట్టి, తలుపు ఓరగా తీసి చూడాలి. ఆ ఎరుపు దాని కళ్లకు ఆనదట.

ఆ చూడటం కోసం వాడు మంచం దిగాడు. బీరువా ముందుగదిలో ఉంది. ముందుగదిలోకి వచ్చినవాడు కిటికీ తలుపు తీశాడు. ఇంకో రోజు ఎంగిలి గిన్నెలు కడిగి బోర్లించాడు. మరో రోజు ఆమె మెట్లెక్కి వచ్చేసరికి తల తడిగా ఉంది. స్నానం చేశావా అని అడిగితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఆమె అడగలేదు. చెప్పులు విప్పకముందే, "ఏం చేస్తోంది మీ రాణి?" అని మాత్రం అడిగేది. ఆ మాట రోజూ అడగడం అలవాటైపోయింది. ఏదో ఒకటి చెప్పేవాడు. మీసాలు దువ్వుకుంటోంది. దూదికి ఆనుకుని నిద్రపోతోంది. రెండే వాక్యాలైనా సరే, ఆ ఇంట్లో సాయంత్రం పూట ఒక మనిషి అడిగితే ఇంకో మనిషి జవాబు చెబుతున్నాడు.

లాండ్రీలో కూడా కబురు పాకింది. బాబాయి దుప్పటి మూలలు అందుకుంటూ, "ఏమ్మా, కోడలు నెల తప్పిందా?" అని అడిగేవాడు. ఇంకా తెలియదు బాబాయ్ అని పెద్దక్క చెబితే, ఇస్త్రీ దగ్గరివాళ్లు ఈ కాలం పిల్లలు అంతేలెమ్మని నవ్వేవాళ్లు.

ఒక పొద్దున మిగిలిన రెండు రెక్కలూ గొట్టంలో ఊడిపడి ఉన్నాయి. ఉల్లిపొర ముక్కల్లా ఉన్నాయి. పెద్దక్క సంబరపడింది. తమ్ముడు ఆ సంబరం మీద నీళ్లు చల్లాడు. బెదిరినా రాలుస్తాయి, విసిగినా రాలుస్తాయి, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం అన్నాడు. ఆ తరవాత గుడ్లు పెట్టింది. పంచదార పలుకులకన్నా చిన్నవి, ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉన్నాయి. రాణి వాటిని నోట కరచుకుని గొట్టంలో అటూ ఇటూ మారుస్తోంది.

"ఇంకేంటిరా? గుడ్లు కూడా పెట్టాక ఇంకేం సాక్ష్యం కావాలి?"

"జతకట్టకపోయినా పెడుతుందక్కా. కానీ అప్పుడు అన్నీ మగవే పుడతాయి. మగచీమలు పని చెయ్యవు. తిండి తేవు, పిల్లల్ని చూడవు. రెక్కలొస్తాయి, కూర్చుంటాయి, ఎగిరిపోతాయి."

"మా సూపర్‌వైజరు లాగా."

వాడి పెదవి కొంచెం కదిలింది. నవ్వని అనలేం గానీ, నవ్వు వచ్చిపోయిన చోటని అనవచ్చు.

జతకట్టి ఉంటే మొదటి కాన్పులో చిన్న చిన్న పనిచీమలు వస్తాయనీ, అప్పుడు గానీ నమ్మడానికి వీల్లేదనీ వాడు చెప్పాడు. అంతవరకూ రాణికి తిండి ఎట్లా అని ఆమె అడిగింది. రెక్కల్ని ఆడించిన కండలుంటాయి కదా, ఇక వాటితో పనిలేదు, వాటినే కరిగించుకుని పిల్లలకు పెడుతుందన్నాడు. ఆమెకు ఆ మాట ఎక్కడో తగిలింది గానీ, దాని గురించి ఆలోచించడానికి కూర్చుంటే కునుకు పట్టింది.

అప్పటికి లాండ్రీలో ఇద్దరు పని మానేశారు. వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన పడింది. పెద్దక్క ఒక షిఫ్టు ముగించి, టీ తాగి, ఇంకో షిఫ్టు మొదలుపెట్టేది. బస్సులో కిటికీకి తల ఆనించగానే నిద్ర ముంచుకొచ్చి, రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయింది. చీలమండలు వాచాయి. తమ్ముడు ఆ మధ్య కిందికి దిగి కూరగాయలు తెచ్చి పెడుతున్నాడని ఆమె గమనించింది. చీమ సంగతి అడిగితే మాత్రం, మునుపటిలా కాకుండా "చూడాలి" అని ఊరుకుంటున్నాడనీ గమనించింది. గుడ్లలోంచి వచ్చిన పురుగులు గోధుమరంగు గూళ్లు అల్లుకుని అందులో పడుకున్నాయని ఒకసారి చెప్పాడు. తరవాత ఆ ఊసే ఎత్తలేదు. ఆమెకు లోలోపల గుబులుగానే ఉంది. కానీ గుచ్చిగుచ్చి అడిగే ఓపిక లేదు. రేపు అడుగుదాంలే అనుకునేది.

ఆమెకు వారపు సెలవు వచ్చిన రోజున తమ్ముడు డాక్టరు దగ్గరకు ఒంటరిగా బయల్దేరాడు. తోడొస్తానంటే వద్దన్నాడు. నువ్వు పడుకో అక్కా అన్నాడు. వాడు మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆమె నిజంగానే పడుకుందామని పక్క సర్దుకుంది. నిద్ర రాలేదు. లేచి, టార్చి తీసుకుని, బీరువా తెరిచింది.

గొట్టంలో రాణి పక్కన ఇంకో చీమ ఉంది. సన్నగా, పొడుగ్గా, చిన్న తలతో, ఒంటిని మించిన రెక్కలతో. గూడొకటి చిరిగి ఖాళీగా పడి ఉంది. రాణి దాని ఒళ్లు నాకుతోంది, శుభ్రం చేస్తోంది. ఆ మగచీమ ఏమీ చెయ్యడం లేదు. ఊరికే నిలబడి ఉంది.

పెద్దక్క నేల మీద చతికిలబడింది. తమ్ముడు చెప్పినదంతా ఆమెకు గుర్తుంది. ఇక చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. జతకట్టలేదు. ఇన్నాళ్లూ వాడు మంచం దిగింది దీనికోసం. కిటికీ తీసింది, స్నానం చేసింది, డాక్టరు దగ్గరకు తనంతట తను వెళ్లింది దీన్ని పట్టుకునే. తిరిగొచ్చి, టార్చి వేసి, దీన్ని చూస్తాడు. చూసి వెనకగదిలోకి వెళ్లి పడుకుంటాడు. మళ్లీ ఆ పళ్లెం, ఆ సగం అన్నం, తలుపు ముందు ఆగడం. ఇంకోసారి మొదటినుంచీ మొయ్యగలనా అని తనను తాను అడిగింది.

అంత అలసిపోయిన మనిషికి తట్టేది ఆలోచన కాదు, ఆదుర్దా. ఆమె లేచి వంటగదిలోకి వెళ్లింది. పంచదార డబ్బా మూత తీసింది. అంచు వెంబడి చిన్న నల్లచీమలు బారులు తీరి పోతున్నాయి. చిన్న చిన్న పనిచీమలు అని కదా వాడు చెప్పింది. తమ్ముడు గొట్టం పక్కనే ఉంచుకున్న సన్న కుంచెతో నాలుగింటిని ఎత్తి పట్టుకుని, గొట్టం మూతి దూది లాగింది. మగచీమ తనే బయటికి పాకి, ఆమె మణికట్టు మీంచి ఎగిరి కిటికీ అద్దానికి కొట్టుకుంది. తలుపు తీస్తే వెళ్లిపోయింది. నాలుగు చీమల్నీ లోపలికి దులిపి, దూది పెట్టి, శాలువాలు సర్ది, బీరువా మూసింది. చేతులు కడుక్కుని, తమ్ముడు వచ్చేసరికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది.

వాడు రాగానే డాక్టరు ఏమన్నాడని అడిగింది. మాత్ర ఒకటి తగ్గించాడట. మంచిదంది. తరవాత గిన్నె తుడుస్తున్నట్టు నటిస్తూ, "ఒకసారి బీరువా చూడరాదూ, ఏవో పిల్లలు పుట్టినట్టున్నాయి" అంది.

వాడు టార్చి వేశాడు. ఉన్నట్టుండి గొట్టాన్ని బయటికి లాగి వెలుగులోకి తెచ్చి, "కుంచె ఏది?" అన్నాడు. ఆ గొంతులో తొందర విని ఆమె పరుగున వచ్చింది. రాణి ఒక మూలకు నక్కి గిలగిల కొట్టుకుంటోంది. నల్లచీమలు రెండు దాని ముందు కాలు పట్టుకుని లాగుతున్నాయి. ఒకటి మీసం కరచుకుని వేలాడుతోంది. వాడు గొట్టాన్ని తెల్లపళ్లెంలో బోర్లించి, ఒంగి, ఊపిరి బిగబట్టి, కుంచె మొనతో వాటిని ఒక్కొక్కటిగా విడదీశాడు. ఎంత నెమ్మదిగా విడదీశాడంటే, ఆ చేతులు ఇన్నాళ్లూ దుప్పటి కింద ముడుచుకుని ఉన్నవేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. రాణి ముందుకాలు చివర తెగిపోయింది. మిగతా ఒళ్లు బాగానే ఉంది. దాన్ని మళ్లీ గొట్టంలోకి దాటించి దూది పెట్టాడు.

పళ్లెంలో మిగిలిన చీమల్ని చూస్తూ, "అక్కా, ఇవి పంచదార డబ్బాలోవి కదూ?" అన్నాడు.

"ఏమో, నాకేం తెలుసు. దాని పిల్లలేమో."

"వీటి నడుముకి రెండు ముడులున్నాయి. దానికి ఒకటే. ఏనుగు కడుపున మేకపిల్లలు పుట్టాయి అన్నట్టుంది నువ్వు చెప్పేది." మొహం తిప్పి ఆమెవైపు చూశాడు. ఆమె చేతిలో గిన్నె, గుడ్డ అలాగే ఉన్నాయి. వాడికి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, ఆపుకోబోయాడు, ఆగలేదు. గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, మాస్టారు కుర్చీలోంచి పడిన సంగతి చెబుతూ అలా నవ్వేవాడు.

పెద్దక్కకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. స్టూలు మీద కూర్చుని కొంగులో మొహం పెట్టుకుంది. మగచీమ పుట్టిందిరా, నువ్వు చూస్తే మళ్లీ పడిపోతావని భయం వేసింది అని, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

వాడి నవ్వు ఆగిపోయింది. వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నాకు గూళ్లు అల్లినప్పుడే తెలుసక్కా. పనిచీమల గూళ్లు బియ్యపుగింజంత ఉంటాయి. ఇవి అంతకంటే చాలా పెద్దవి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా మీ రాణి ఏం చేస్తోందని అడుగుతావు. ఇంట్లోకి వచ్చాక నీ మొహంలో కళ కనిపించేది ఆ ఒక్క మాటప్పుడే. అది కూడా నేనే తీసేస్తే ఎట్లా అనుకున్నా."

పళ్లెం మీది చీమలు అంచు దాటి బల్ల మీదికి దిగి, తమ దారి వెతుక్కుంటూ వంటగదివైపు పోయాయి.

"ఒక చీమకి పిల్లలు పుట్టకపోతే నేను మళ్లీ మంచమెక్కుతాననుకున్నావా?"

"అనుకున్నా."

"ఎక్కుతానేమో అక్కా. కానీ దాని వల్ల కాదు. ఏ కారణం లేకుండా కూడా ఎక్కుతాను. మామూలుగా ఉన్న రోజులు ఇదివరకటికంటే ఎక్కువయ్యాయి, అంతే నేను చెప్పగలిగింది. నువ్వు దాన్నీ దీన్నీ తెచ్చి నాకు ఆసరా పెట్టుకుంటూ పోతే, ముందు నువ్వు కూలిపోతావు."

ఆమె ముక్కు తుడుచుకుంది. ఏదో సర్దిచెప్పబోయింది. నాకేమైందిరా, నేను బానే ఉన్నాను అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. కానీ అది అనడానికి కూడా బలం కావాలి.

"అలిసిపోయానురా" అంది.

అంత వయసొచ్చినా ఆ మాట ఎవరితోనూ అనలేదు ఆమె. భర్త జబ్బుపడి ఉన్నప్పుడు అనలేదు. వీడి చదువు గట్టెక్కేదాకా అనలేదు. అన్నాక ఏదో జరుగుతుందేమోనని ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. తమ్ముడు ఆమె కాళ్లవైపు, వాచిన చీలమండలవైపు చూశాడు. "తెలుసక్కా" అన్నాడు. లేచి, బకెట్లో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె కాళ్లు అందులో పెట్టి కూర్చుంటే, తనే వంటకు పూనుకున్నాడు. అన్నం అడుగంటించాడు. ఇద్దరూ అదే తిన్నారు.

మర్నాడు లాండ్రీలో ఆమె బాబాయికి సంగతంతా చెప్పింది, పంచదార డబ్బా చీమల ముచ్చటతో సహా. అందరూ పడీపడీ నవ్వుతారనుకుంది. ఇస్త్రీ దగ్గరివాళ్లు నవ్వారు. బాబాయి నవ్వలేదు. దుప్పటి సగం మడతలో ఆపి ఆమెను ఎగాదిగా చూసి, "అమ్మాయ్, నువ్వు ఆఖరిసారి సెలవు పెట్టిందెప్పుడు?" అని అడిగాడు. ఆమెకు గుర్తు రాలేదు. ఆయనే సూపర్‌వైజరు గదికి వెళ్లి, రెండు షిఫ్టుల పని ఇక కుదరదని, కొత్తవాళ్లను పెట్టేదాకా దుప్పట్లు ఆలస్యమవుతాయని చెప్పి వచ్చాడు. దుప్పట్లు ఆలస్యమయ్యాయి. నర్సులు గొణిగారు. ఆసుపత్రి ఆగిపోలేదు.

రాణిచీమ ఆ తరవాత చాలాకాలమే బతికింది. కుంటుకుంటూనే ఇంకా గుడ్లు పెట్టింది, ఇంకా మగచీమలే పుట్టాయి. పుట్టినప్పుడల్లా తమ్ముడు కిటికీ తీసి వదిలేసేవాడు. జతకట్టలేదని తెలిసిపోయింది కదా, ఇంకా ఎందుకురా అని పెద్దక్క ఒకసారి అడిగింది. తెలుసుకోవడానికి కాదుగా, ఉంది కాబట్టి చూసుకుంటున్నాం అన్నాడు. చలికాలంలో ఒక పొద్దున అది కదల్లేదు. గొట్టం కడిగి రక్తపరీక్షల గదికి తిరిగి ఇచ్చేసింది ఆమె.

తమ్ముడు పాత ఉద్యోగానికి పోలేదు. కళ్లజోళ్లు తయారుచేసే ఒక చిన్న దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి కుదిరాడు, పూటపని. మధ్యలో కొన్ని రోజులు వెళ్లలేకపోయేవాడు. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చుని వేధించేది కాదు. ఒంట్లో బాలేదని దుకాణానికి ఫోను మాత్రం చేసేది. దుకాణం ఆయన మంచివాడు, రేపు చూద్దాంలెమ్మా అనేవాడు.

పెద్దక్కకు సెలవు దొరికింది. మొదటి రోజు అలవాటు కొద్దీ తెల్లవారకముందే మెలకువ వచ్చి, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి, ఏం చెయ్యాలో తోచక ఇల్లంతా తుడిచింది. రెండో రోజు మధ్యాహ్నం తిని పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎండ గది ఆ చివరకు పోయింది. కింద నుంచి గొంతులు వినిపిస్తున్నాయి. పైన ఆరేసిన బట్టల నీళ్లు తమ పరుపు మీద కారాయని కింది ఇంటావిడ మెట్ల మీద నిలబడి గొడవపడుతోంది. ఆ బట్టలు ఆరేసింది తమ్ముడే, నీళ్లు పిండకుండా. వాడు ఏదో సమాధానం చెబుతున్నాడు. ఆవిడ ఒకటంటే వాడు రెండంటున్నాడు. పరుపును ఎండలో వెయ్యాలి గానీ తాడు కింద ఎవరు వెయ్యమన్నారండీ అంటున్నాడు.

తప్పు వాడిదే. వెళ్లి సర్దిచెప్పాలి, ఆవిడతో రేపు మళ్లీ మొహం చూసుకోవాలి కదా అనుకుంది పెద్దక్క. దుప్పటి తొలగించి, ఒక కాలు నేల మీద పెట్టింది. కింద వాడి గొంతు ఇంకాస్త పెరిగింది. ఆమె కాలు మళ్లీ మంచం మీదికి తీసుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, వింటూ పడుకుంది.